వెర్బు రానిది ఎవరికి?

"వీళ్ళకు లెక్కలైనా చెప్పొచ్చుగానీ గ్రామరు చెప్పలేం సార్. అసలు వెర్బంటేనే తెలియదు." ఈ మాట మేము స్టాఫ్‌రూముల్లో విన్నాం, శిక్షణ తరగతుల్లో విన్నాం, తనిఖీకి వచ్చినవాళ్ళ నోట విన్నాం. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. కొండెక్కి వాగు దాటి వచ్చి పాఠం చెబుతున్నవాళ్ళే. అయినా ఈ మాట అబద్ధం. ఊరికే కోపంతో అనడం లేదు, వ్యాకరణం ముందు పెట్టుకునే చెబుతున్నాం.

ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు పీరియడు ఎలా నడుస్తుందో మన టీచర్లకు చెప్పనక్కర్లేదు. బోర్డు మీద వి వన్, వి టూ, వి త్రీ అని మూడు గళ్ళు గీస్తారు. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. పిల్లలు ఊగుతూ వల్లిస్తారు. వెర్బ్ అంటే క్రియ, క్రియ అంటే పనిని తెలిపే పదం అని నోట్సులో రాయిస్తారు. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లకు ఆ 'క్రియ' అన్న మాట ఇంగ్లీషు మాట కంటే దగ్గరిదేమీ కాదు. పుస్తకం ఇంగ్లీషు, వివరణ తెలుగు, ఆ తెలుగుకు పేర్లు సంస్కృతం, పిల్ల నోట్లో ఉన్నది గోండి. మూడు ఏళ్ళు అడ్డంపడితే అవతలి ఒడ్డున పాఠం ఉంటుంది. ఈదలేకపోయిందని పిల్లను తప్పుపడతారు. పడవ ఎందుకు వేయలేదని ఎవరినీ అడగరు.

ముందు ఆ నిర్వచనం సంగతే చూద్దాం. పనిని తెలిపేది వెర్బు అయితే 'బిలాంగ్' ఏ పని చేస్తోంది? 'నో' అనే మాటలో, 'ఓన్' అనే మాటలో చెమటోడ్చేది ఏముంది? ఈ అడవి మాది అని ఇంగ్లీషులో చెప్పాలంటే కావలసిన వెర్బులన్నీ పని చేయని వెర్బులే. వాటికి ఐ.ఎన్.జి. తగిలించకూడదని, 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హ్యావింగ్ ల్యాండ్' అనకూడదని చెబుతారు గానీ, ఎందుకని ఒక్కరూ చెప్పరు. కారణం పెద్దదేం కాదు. ఐ.ఎన్.జి. జరుగుతూ ఉన్నదానికి, రేపో మాపో ముగిసేదానికి. ఉండటం, తెలియడం, సొంతం కావడం అలాంటివి కావు. ఇంకో సంగతి ఉంది. మనం 'నాకు భూమి ఉంది' అంటాం. 'ఉంది' అనే వెర్బు భూమిది, నాది కాదు. ఇంగ్లీషులో 'ఐ హ్యావ్ ల్యాండ్' అనగానే కర్త నేనైపోతాను. అందుకే మన పిల్లలు 'టు మి ల్యాండ్ ఈజ్ దేర్' అని రాస్తారు. అది తెలివితక్కువతనం కాదు. తన భాషలోని వాక్యాన్ని నిజాయితీగా మోసుకొచ్చి పెట్టడం. (దీన్నిబట్టి ఆదివాసులకు సొంత ఆస్తి భావనే లేదని పెద్ద తత్వాలు లాగే పండితులున్నారు. మాకా సరదా లేదు. కోస్తాలోని కామందులు కూడా 'నాకు యాభై ఎకరాలుంది' అనే అంటారు.)

ఇక మా పిల్లల దగ్గర ఉన్నదేమిటో చూడండి. ఇంగ్లీషులో 'వాక్' అనే మాటకు మొత్తం నాలుగు రూపాలు. వాక్, వాక్స్, వాకింగ్, వాక్డ్. అంతే. నడిచింది ఎవరైనా సరే 'వాక్డ్' ఒక్కటే. తెలుగులో నడిచాను, నడిచావు, నడిచాడు, నడిచింది, నడిచాం, నడిచారు, నడిచాయి అని ఒక్క గడిచిన కాలానికే ఏడు. గోండి, కోయ, కువి, కొండ, కొలామి భాషలు కూడా ఇలా క్రియ చివర మనిషిని మోసే భాషలే. అలాంటి భాషలో అయిదేళ్ళకే తడబడకుండా మాట్లాడే పిల్లకు, నాలుగు రూపాలున్న వెర్బు రాదంటున్నాం! ఆ పిల్ల 'వెంట్ టు సంత' అని కర్త లేకుండా రాస్తే ఎర్ర సిరా పడుతుంది. తన భాషలో 'వెళ్ళాను' అంటే 'నేను' అందులోనే ఉంది. ఇంగ్లీషు వెర్బుకు అంత మోసే శక్తి లేదు కాబట్టి ముందు ఐ, హి, షి అని చెప్పి తీరాలి. ఈ ఒక్క ముక్క చెబితే చాలు. 'సబ్జెక్ట్ మర్చిపోయావ్' అంటే ఏం అర్థమవుతుంది?

ఇంతకన్నా మమ్మల్ని బాధపెట్టేది నవ్వు. గోండు పిల్లవాడు తెలుగులో 'ఆడోళ్ళు వచ్చినయ్' అంటే క్లాసు గొల్లుమంటుంది. ఆడవాళ్ళను పశువులను చేశాడని సార్ కూడా నవ్వుతాడు. అసలు జరిగింది ఇది. తెలుగులో ఏకవచనానికి వచ్చేసరికి 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' రెండూ ఒకటే. మగవాడొక్కడే వేరు. అప్పుడు ఎవరికీ నవ్వు రాదు. బహువచనంలో తెలుగు ఆడవాళ్ళను మగవాళ్ళతో కలిపి 'వచ్చారు' అంటుంది. గోండి, కువి, కొలామి భాషలు మాత్రం ఏకవచనంలో పెట్టిన గీతనే బహువచనంలోనూ ఉంచుతాయి. మగవాళ్ళొక వైపు, మిగిలినవన్నీ ఒక వైపు. నియమం తప్పకుండా నడిచింది గోండు పిల్లవాడే. మధ్యలో దారి మార్చుకున్నది తెలుగు. మార్చుకుంటే తప్పని మేమనం. భాషలు మారతాయి. కానీ ఎవరు ఎవరిని చూసి నవ్వాలి?

కువి మాట్లాడేవాళ్ళ దగ్గర ఇంకో విశేషం ఉంది. చేసిన పని నాకో నీకో తగిలితే క్రియలో దానికొక గుర్తు చేరుతుంది. మూడో మనిషికి తగిలితే ఆ గుర్తు ఉండదు. కుయి, పెంగో, మండ భాషల్లోనూ ఇంతే. తెలుగుకు ఈ ఏర్పాటు లేదు, ఇంగ్లీషుకు లేదు. సవరలోనైతే 'పులి నిన్ను పట్టుకుంటుంది' అనే మొత్తం సంగతిని ఒక్క క్రియలో చెప్పేస్తారు. పట్టుకోవడం, దాని వెనక పులికి ఒక కురచ రూపం, ఆ తర్వాత కాలం, చివర నువ్వు, అన్నీ ఒకే మాటలో. భాషాశాస్త్రజ్ఞులు ప్రపంచంలో ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయాల్లో కూర్చుని ఈ సవర క్రియను అబ్బురంగా చదువుతున్నారు. సీతంపేట కొండల్లోని పిల్లవాడికి మాత్రం వెర్బు తెలియదట.

సవర క్రియ లోకానికి తెలిసిందెలా? గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. వాళ్ళకు బడులు పెట్టించాడు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. నిఘంటువు కూడా చేశాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవమని మా బడుల్లోనూ చేయిస్తారు. పటానికి దండ వేసి, వ్యావహారిక భాష గురించి ఉపన్యాసం చెప్పి, చాక్లెట్లు పంచుతారు. ఆయన సవర మాస్టారు కూడా అన్న ముక్క ఎన్ని బడుల్లో చెబుతున్నారో మన టీచర్లే చెప్పాలి. కొండ భాష మీద 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి, కొలామి మీద 1955లో ఎమెనో వ్యాకరణాలు అచ్చువేశారు. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అంటే ఇంగ్లీషు చదువుకున్న లోకానికి మా వెర్బులు తెలుసు. మాకు ఇంగ్లీషు వెర్బు చెప్పడానికి వచ్చినవాళ్ళకే మా వెర్బులు తెలియవు.

అయితే ఏం చేయమంటారు అని టీచర్లు అడుగుతారు. అడగాలి కూడా. ఒక ఉదాహరణ. 'హి డిడ్ నాట్ వెంట్.' ఈ తప్పు దిద్దని ఇంగ్లీషు టీచరు ఉండరు. 'డిడ్ తర్వాత వి వన్ రావాలి' అని సూత్రం రాయిస్తారు, మర్నాడు మళ్ళీ అదే తప్పు. సూత్రం వదిలి తెలుగే చూడండి. 'వెళ్ళాడు'కు వ్యతిరేకం 'వెళ్ళాడు లేదు' కాదు, 'వెళ్ళలేదు'. కాదనే మాట పక్కన చేరగానే అసలు క్రియ తన తోక వదిలేసింది. ఇంగ్లీషులోనూ అంతే. కాలం గుర్తు 'డిడ్' మోస్తోంది కాబట్టి 'గో' వట్టి చేతులతో నిలబడింది. 'డజ్ నాట్ గోస్' కూడా ఈ కుదురుదే. ఒక మూటను ఇద్దరి నెత్తిన పెట్టరు కదా. ఇలాగే గోండిలో ఎలా అంటారో, కువిలో ఎలా అంటారో పిల్లలనే అడిగి బోర్డు మీద రాయించండి. ఆ పది నిమిషాలు పిల్లలు టీచర్లవుతారు. సిలబసు వెనకబడుతుందని భయమా? వల్లె వేయించి ఎంత ముందుకు పోయారో పదో తరగతి జవాబుపత్రాలు చూస్తే తెలుస్తుంది.

యాడ్వర్బుల సంగతీ ఇంతే. ఎల్.వై. చేర్చితే యాడ్వర్బు అని చెప్పి వదిలేస్తారు. తెలుగులో 'గా' చేర్చినట్టు అంటే దాదాపు సరిపోతుంది. మెల్లగా, త్వరగా, నిజంగా. కానీ 'ఫ్రెండ్లీ', 'అగ్లీ' చివర ఎల్.వై. ఉన్నా యాడ్వర్బులు కావు. 'ఫాస్ట్'కు ఎల్.వై. రానే రాదు. 'హార్డ్'కు చేర్చామంటే కొంపే మునుగుతుంది. 'హి వర్క్డ్ హార్డ్' అంటే ఒళ్ళు హూనం చేసుకున్నాడని. 'హి హార్డ్‌లీ వర్క్డ్' అంటే పని చేసిందే లేదని. ఉపాధి హామీ మస్టరులో ఇలా రాస్తే కూలి ఎంత వస్తుందో ఆలోచించండి. గబగబా, బిరబిరా, చకచకా లాంటి మాటలు ఇంగ్లీషుకు తక్కువ. నడకలో తేడా చెప్పాలంటే అది వెర్బునే మార్చుకుంటుంది. కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే 'ట్రడ్జ్', షికారుగా నడిస్తే 'స్ట్రోల్'. ఈ తేడా చెబితే పిల్లలు డిక్షనరీ వాళ్ళంతట వాళ్ళే తిరగేస్తారు.

ఒక మాటలోంచి ఇంకో మాట పుట్టడాన్ని వర్డ్ ఫామ్స్ అంటున్నారు. డిసైడ్, డెసిషన్, డిసైసివ్, డిసైసివ్‌లీ అని నాలుగు నిలువు వరుసలు గీసి ఖాళీలు నింపమంటారు. పాడు, పాట. ఆడు, ఆట. కోయి, కోత. మేయి, మేత. పూయి, పూత. కాయి, కాత. జీడిమామిడి తోటలో పెరిగిన పిల్లకు ఈ పుట్టుక తెలియదా? సింగ్ నుంచి సాంగ్, గ్రో నుంచి గ్రోత్, వెయ్ నుంచి వెయిట్ అలాగే వచ్చాయి. తూచు నుంచి తూకం వచ్చినట్టు. సంతలో చింతపండు తూకంలో మోసపోయిన ఇంటి పిల్లకు 'వెయ్', 'వెయిట్' తేడా వేరే చెప్పాలా?

ఇప్పటిదాకా చెప్పింది బడి సంగతి. బడి బయట ఇవే వెర్బులు, ఇవే యాడ్వర్బులు మా బతుకులను ఎలా పట్టుకున్నాయో చెప్పకపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

'ఎన్‌క్రోచ్' అనే వెర్బు ఉంది. ఆక్రమించడం. దానికి ఇ.ఆర్. చేర్చితే 'ఎన్‌క్రోచర్', ఎమ్.ఇ.ఎన్.టి. చేర్చితే 'ఎన్‌క్రోచ్‌మెంట్'. పోడు కొట్టుకున్న తాత మొదట ఒక పని చేసిన మనిషి. అటవీశాఖ కాగితంలో రెండు అక్షరాలు చేరగానే ఆ పనే ఆయన పేరైపోయింది. టీచ్ చేస్తే టీచర్ అని చెప్పే పాఠంలోనే ఈ మాట కూడా చెప్పాలా వద్దా?

ఇక 2006 అటవీ హక్కుల చట్టం. దాని పేరులోనే 'రికగ్నిషన్' అని ఉంది. 'రికగ్నైజ్' నుంచి వచ్చింది. గుర్తించడం. ఉన్నదాన్నే గుర్తిస్తారు, లేనిదాన్ని గుర్తించలేరు. అంటే హక్కు ముందే ఉందని చట్టమే ఒప్పుకుంది. కానీ మండలాఫీసుల్లో, సభల్లో 'పట్టాలు మంజూరు చేశాం', 'పంపిణీ చేశాం' అంటారు. మంజూరు వేరు, గుర్తింపు వేరు. ఈ వెర్బు తేడా పట్టుకున్న కుర్రవాడు దరఖాస్తులో 'దయచేసి ఇప్పించండి' అని రాయడు. అదే చట్టం ముందుమాటలో మా హక్కులను 'యాడిక్వేట్‌లీ' గుర్తించలేదని ఉంది. చాలినంతగా గుర్తించలేదట! అసలు గుర్తించలేదనడానికీ, చాలినంతగా గుర్తించలేదనడానికీ మధ్య ఒక్క యాడ్వర్బు. ఆ ఒక్క మాటలో ఎన్ని ఊళ్ళ కథ మెత్తబడిందో చూడండి.

'షల్' గురించి పాఠ్యపుస్తకాల్లో ఏం చెబుతారు? ఐ, వి తర్వాత వచ్చే భవిష్యత్కాలం అని. చట్టంలో 'షల్' అంటే భవిష్యత్తు కాదు, చేసి తీరాలని. 1996 పెసా చట్టంలో షెడ్యూల్డు ప్రాంతంలో ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ 'షల్ బి కన్సల్టెడ్' అన్నారు. బడి గ్రామరుతో చదివితే 'సంప్రదిస్తారు' అనిపిస్తుంది, ఎప్పుడో చేస్తారులే అనిపిస్తుంది. నిజం 'సంప్రదించి తీరాలి'. పైగా 'కన్సల్ట్' వేరు, 'కన్సెంట్' వేరు. మొదటిది అడగడం, రెండోది ఒప్పుకోవడం. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో ముందస్తు 'కన్సెంట్' తీసుకోవాలని చెప్పింది. అధికారి వచ్చి సంతకాలు పెట్టించుకుంటున్న కాగితంలో ఈ రెంటిలో ఏది ఉందో చదవగలిగే పిల్ల ప్రతి ఊళ్ళో ఒకరుండాలి. మాకు ఇంగ్లీషు గ్రామరు ఇందుకు కావాలి.

పాసివ్ వాయిస్ మార్చమని పరీక్షలో అయిదు వాక్యాలిస్తారు. రామ కిల్డ్ రావణ, రావణ వాజ్ కిల్డ్ బై రామ. ఆ 'బై' ఎప్పుడూ ఉంటుందనుకుని పిల్లలు బయటికొస్తారు. కాగితాల్లో చూస్తే 'ల్యాండ్ హ్యాజ్ బీన్ ఎక్వయిర్డ్', 'ఫ్యామిలీస్ వర్ డిస్‌ప్లేస్డ్' అని ఉంటుంది. 'బై' ఎక్కడ? తీసుకున్నది ఎవరు, లేపింది ఎవరు? ఇందులో మన భాషలు ఇంగ్లీషు కంటే గట్టివి. మునుగు వేరు, ముంచు వేరు. కాలు వేరు, కాల్చు వేరు. తిరుగు, తిప్పు. మారు, మార్చు. దిగు, దించు. దానంతటది జరిగిందా, ఎవరైనా చేశారా అన్నది క్రియ రూపంలోనే బయటపడుతుంది. ఇంగ్లీషులో 'సింక్', 'బర్న్', 'మూవ్', 'చేంజ్' రెండింటికీ ఒకటే మాట. గోదావరి ఒడ్డున పోలవరం కోసం ఖాళీ అవుతున్న కోయ, కొండరెడ్డి ఊళ్ళ గురించి తెలుగు పత్రికలు కూడా 'మునిగే గ్రామాలు', 'ముంపు గ్రామాలు' అని రాస్తాయి. 'ముంచే' అన్న రూపం తెలుగులో లేక కాదు.

ఇంకొకటి. తెలుగులో 'మనం' ఉంది, 'మేము' ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ 'వి' ఒక్కటే. అభివృద్ధి పత్రాల్లో 'వి' కనిపించినప్పుడల్లా, అది మనమా, మేమా, అందులో నేనున్నానా అని ప్రశ్నించడం పిల్లలకు నేర్పాలి.

ఇంత చెప్పాక కొందరు మిత్రులు, అలాగైతే ఇంగ్లీషు మానేసి మాతృభాషలోనే చెప్పించండి, ఆదివాసులకు ఇంగ్లీషెందుకు అంటారు. వాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో మేము అడగదలచుకోలేదు, అందరికీ తెలుసు. మాకు ఇంగ్లీషు కావాలి. రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడిన జైపాల్‌సింగ్ ముండా ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. ఆ ఇంగ్లీషుతోనే 1949లో ముండారి, గోండి, ఒరావ్ భాషలను ఎనిమిదో షెడ్యూలులో చేర్చమని అడిగాడు. మంచి ఇంగ్లీషు వచ్చినవాడు తన భాషను వదల్లేదు, దాని కోసం వాదించాడు. సంతాలి, బోడో భాషలను 2003 సవరణతో చేర్చారు. గోండి ఇంకా బయటే ఉంది.

ఆంధ్రలో 2019లో, తెలంగాణలో 2022లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నారు. మీడియం మార్చడమంటే పుస్తకం అట్ట మార్చడం కాదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను మాతృభాషలో బోధన ఉండాలంటూనే మధ్యలో 'యాజ్ ఫార్ యాజ్ ప్రాక్టికబుల్' అంది. వీలైనంతవరకు. చూశారా, మళ్ళీ అదే యాడ్వర్బు పనే! 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేశారు. మంచి పని. కానీ ఆ పిల్లలు పెద్ద తరగతికి, ఇంగ్లీషు గ్రామరుకు వచ్చేసరికి ఆ భాషలను గుమ్మం బయటే వదిలి రమ్మంటున్నారు. వాటి అవసరం అసలు మొదలయ్యేది అక్కడే.

షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. రిజర్వేషను శాతాల లెక్క మీద అక్కడ వాదనలు నడిచాయి. మాకు పోయింది ఉద్యోగాలే కాదు. 'ఆడోళ్ళు వచ్చినయ్' అన్నప్పుడు నవ్వకుండా, ఎందుకలా అన్నాడో చెప్పగల మనిషి తరగతి గదిలోంచి పోతాడు. ప్రభుత్వాలు దీనికి ఏ దారి వెతికినా, ఒక షరతు మాత్రం మేము వదలం. ఏజెన్సీ బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరుకు ఏ కులమైనా, ఏ జిల్లా అయినా, అక్కడి పిల్లల భాష మాట్లాడటం రావాలి. రాకపోతే రెండేళ్ళలో నేర్చుకుని పరీక్ష రాయాలి. ఆ పరీక్ష పెట్టేది ఆ భాష మాట్లాడే ఊరివాళ్ళు కావాలి. పర్లాకిమిడి మాస్టారు నేర్చుకున్నాడు, ఈనాటివాళ్ళకు కుదరదనడానికి వీల్లేదు.

ఈలోగా ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది. ఈ పుస్తకం చదివే టీచర్లూ, డిగ్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వచ్చే వారం చేయొచ్చు. మీ ఊరికి ఇంగ్లీషులో వచ్చిన నోటీసు గానీ, పట్టా కాగితం గానీ, భూసేకరణ ప్రకటన గానీ ఒకటి తీసుకోండి. పిల్లల చేత ప్రతి వెర్బు కిందా గీత గీయించండి. ఆ పని ఎవరు చేశారో పక్కన రాయించండి. 'షల్' ఎక్కడ, 'మే' ఎక్కడ అని సున్నాలు చుట్టించండి. చేసినవాళ్ళ పేరు దొరకని వాక్యాలన్నీ వేరే కాగితం మీద ఎత్తి రాయించి, వచ్చే గ్రామసభలో అధికారుల ముందు ఆ పిల్లల చేతే చదివించండి. ముందు మీ భాషలో, ఆ తర్వాత ఇంగ్లీషులో.